కిలో రాయిలో 440 గ్రాముల గ్యాసు: సున్నపురాయి మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వాళ్ళకి వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

ఈ బల్ల మీద రెండు రాళ్ళున్నాయి. రెండూ బూడిద రంగే, ఇంచుమించు ఒకే సైజు. ముందు వరుసలోంచి ఎవరైనా ఒకరు వచ్చి, ఈ చాకు మొనతో రెండింటి మీదా తలొక గీత గీయండి. రండమ్మా, గట్టిగానే గీయండి, ఏం పరవాలేదు. చూశారా? మొదటి దాని మీద చాకు జారింది. మెరిసే గీత ఒకటి పడింది కానీ అది రాతిది కాదు, చాకు ఇనుమే అరిగి రాతికి అంటుకుంది. అది గ్రానైట్. రెండో దాని మీద గాడి పడి తెల్లటి పొడి రాలింది. అదే మన సున్నపురాయి. ఇప్పుడు ఆ గాడిలో, పలుచన చేసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క వేస్తాను. బుస్సుమని నురగ లేచింది. మైకు దగ్గర పెడితే శబ్దం కూడా వినిపిస్తుంది... ఆ, అదీ. గ్రానైట్ మీద కూడా ఒక చుక్క వేస్తున్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

భూగర్భ శాస్త్రం చదివే పిల్లలకి ఫీల్డ్‌లో మొదట నేర్పేది ఇదే. జేబులో ఒక చాకు, చిన్న ఆమ్లం సీసా. ఈ రెండూ ఉంటే సున్నపురాయిని గుర్తుపట్టడానికి ఇంకేమీ అక్కర్లేదు. ఇంట్లో అయితే వెనిగర్‌తోనో నిమ్మరసంతోనో చేసి చూడొచ్చు. నురగ తక్కువగా వస్తుంది, కాస్త ఓపిక పట్టాలి, అంతే.

ఆ నురగలో ఉన్న గ్యాసు కార్బన్ డయాక్సైడ్. అది ఆమ్లంలోంచి రాలేదు, రాతిలోంచి వచ్చింది. ఈ గంటసేపూ నేను చెప్పబోయేదంతా ఆ గ్యాసు కథే. సున్నపురాయి అంటే ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. శుద్ధమైన కాల్షియం కార్బొనేట్ 100 గ్రాములు తీసుకుని బాగా కాలిస్తే 56 గ్రాముల పొడి సున్నం మిగులుతుంది, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. అంటే కిలో రాయిలో 440 గ్రాముల గ్యాసు. మామూలు ఉష్ణోగ్రత దగ్గర దాన్ని కొలిస్తే సుమారు 240 లీటర్లు. కిలో సున్నపురాయి రెండు గుప్పిళ్ళలో పట్టేస్తుంది. అందులో 240 లీటర్ల గ్యాసు బందీగా ఉంది. గుహలు తొలిచినా, గోడలు కట్టినా, సిమెంటు చేసినా, జరిగేదల్లా ఈ గ్యాసు రాతిలోకి రావడం, రాతిలోంచి పోవడం.

దీన్ని మొదట తూకం వేసి పట్టుకున్నది జోసెఫ్ బ్లాక్ అనే స్కాట్లండ్ వైద్యుడు. 1756లో అచ్చయిన ఆయన ప్రయోగాల్లో ముఖ్యమైన పరికరం త్రాసు. సున్నపురాయిని కాలిస్తే బరువు ఎందుకు తగ్గుతోంది? అంతకుముందు చాలామంది, నిప్పులోంచి ఏదో ఘాటైన పదార్థం రాతిలోకి దూరుతుంది, అందుకే సున్నం చర్మాన్ని కాలుస్తుంది అనుకునేవాళ్ళు. బ్లాక్ లెక్క దాన్ని తిరగేసింది. లోపలికి ఏదీ దూరడం లేదు, లోపలున్న ఒక గాలి బయటికి పోతోంది. మామూలు గాలికి అది వేరు. మనం వదిలే ఊపిరిలోనూ, బొగ్గు మండినప్పుడూ, పులిసే ద్రవాల్లోనూ అదే గాలి ఉందని కూడా ఆయనే చూపించాడు. గాలి అంటే ఒకే పదార్థం అని నమ్ముతున్న కాలంలో అది చాలా పెద్ద మాట. నన్నడిగితే, ఆధునిక రసాయన శాస్త్రం పుట్టిన చోట్లలో సున్నపు బట్టీ కూడా ఒకటి.

ఆయన వాడిన పరీక్షే ఇప్పుడు ఇక్కడ చేద్దాం. ఈ గాజు గ్లాసులో ఉన్నది సున్నపుతేట. నీళ్ళు ఎక్కువగా కలిపి బాగా పలుచన చేశాను. ఎందుకో తర్వాత తెలుస్తుంది. బాబూ, ఈ గొట్టంలోంచి నెమ్మదిగా ఊదు. ఊదడమే, పీల్చకూడదు. అద్దాలు పెట్టుకో. అందరూ చూస్తున్నారా? తేట పాలలా తెల్లబడుతోంది. మనవాడి ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, తేటలోని కాల్షియం కలిసి సన్నటి కాల్షియం కార్బొనేట్ పొడి ఏర్పడుతోంది. మీ కళ్ళముందు పుడుతున్నది సున్నపురాయే. కాకపోతే ఇంకా రాయి కాలేదు, బురద.

ఇంతవరకూ బడిలో అందరూ చూసిందే. ఇక్కడితో ఆపేస్తారు, అదే నా బాధ. అసలు సంగతి తర్వాత ఉంది. ఈ సీసాలో వంటసోడా, వెనిగర్ కలిపాను. దాన్నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని అదే గ్లాసులోకి పంపిస్తున్నాను. కాసేపు పడుతుంది. దాని మానాన దాన్ని వదిలేసి మనం రాయి పుట్టుక దగ్గరికి వెళ్దాం. గ్లాసు మీద ఓ కన్నేసి ఉంచండి.

సున్నపురాయికి కాల్షియం కావాలి. అది గ్రానైట్, లావా గడ్డకట్టి ఏర్పడే బసాల్ట్ లాంటి రాళ్ళలో ఉంటుంది. వాననీళ్ళు గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కొద్దిగా పుల్లబడతాయి. ఆ బలహీనమైన ఆమ్లమే లక్షల ఏళ్ళు ఆ రాళ్ళను తింటూ, కాల్షియాన్ని కరిగించి నదుల ద్వారా సముద్రానికి చేరుస్తుంది. గ్యాసు కూడా బైకార్బొనేట్ రూపంలో నీళ్ళతోపాటే ప్రయాణం చేస్తుంది. సముద్రానికి చేరాక ఈ రెండింటినీ మళ్ళీ గట్టి పదార్థంగా కలపాలి. ఆ పని ఎక్కువగా చేసేవి ప్రాణులు. గవ్వలు, ఆల్చిప్పలు, నత్తగుల్లలు, పగడాలు, కొన్ని రకాల నాచు, ఇంకా కంటికి కనబడని ఏకకణ జీవులు. ఒళ్ళు కాపాడుకోవడానికి అవి కట్టుకున్న గుల్లలే, అవి చచ్చాక అడుగున పేరుకుంటాయి. పైన ఇంకా పేరుకుంటే బరువుకు అణిగి, సందుల్లో కాల్షియం కార్బొనేటే జిగురులా అతుక్కుని రాయి అవుతుంది.

పగడపు దిబ్బలు, గవ్వలు అనగానే అందరికీ అర్థమవుతుంది. కానీ పరిమాణంలో ఎక్కువ పనిచేసింది చిన్నవే. సుద్ద సంగతి చూడండి. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో డోవర్ దగ్గర తెల్లటి కొండ అంచు సముద్రం మీదికి నిటారుగా దిగుతుంది. కొన్ని చోట్ల 100 మీటర్లు దాటి ఉంటుంది. అంతా సుద్దే. ఆ సుద్ద చిటికెడు తీసుకుని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే గుండ్రటి చిన్న చిన్న పలకలు కనబడతాయి. కొకోలిత్‌లు అంటారు వాటిని. ఒక్కొక్కటీ కొన్ని మైక్రాన్లే. ఒక మిల్లీమీటరు పొడవునా వరసగా పేరిస్తే కొన్ని వందలు పడతాయి. సముద్రం పైపొరల్లో ఎండలో బతికే ఏకకణ ఆల్గే ఒంటి చుట్టూ కప్పుకున్న కవచాలవి. వెయ్యేళ్ళకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున అవి సముద్రం అడుగుకు రాలాయి. ఇదంతా సుమారు 10 కోట్ల నుంచి 6.6 కోట్ల ఏళ్ళ కిందటి మధ్యకాలంలో, డైనోసార్లు నేల మీద తిరుగుతున్న రోజుల్లో. అదే కోవకు చెందిన ఆల్గే ఇప్పటికీ ఉన్నాయి. అవి ఒక్కసారిగా పెరిగినప్పుడు సముద్రం పాలిపోయిన నీలం రంగుకు మారడం ఉపగ్రహ ఫోటోల్లో కనబడుతుంది.

(మధ్యలో ఒక మాట. బ్లాక్‌బోర్డు మీద రాసే సుద్దముక్క సుద్దే అయ్యుండాలని లేదు. ఇప్పుడు చాలావరకు జిప్సంతో చేస్తున్నారు. వెనిగర్ చుక్క వేసి చూడండి, తెలిసిపోతుంది.)

ఏకకణ జీవులు అంటే అన్నీ చిన్నవే అనుకోకండి. నుమ్యులైట్లు అని ఒక రకం ఉండేవి. ఒకే కణం, కానీ గుల్ల నాణెమంత. గిజా పిరమిడ్ల లోపలి దిమ్మల్లో ఎక్కువ భాగం ఈ నుమ్యులైట్లతో నిండిన సున్నపురాయే. రెండు వేల ఏళ్ళ కిందట స్ట్రాబో అనే గ్రీకు భౌగోళికుడు అక్కడికి వెళ్ళి, పిరమిడ్ల ముందు రాతిచెక్కల గుట్టల్లో మసూర పప్పులాంటి ముక్కలు చూశాడు. కట్టినవాళ్ళు తినగా మిగిలిన పప్పు రాయైపోయిందని అక్కడ చెప్పుకునేవారట. అది జరగకూడనిదేమీ కాదనే స్ట్రాబో అనుకున్నాడు. మా ఊళ్ళోనూ పొడుగాటి కొండ మీద ఇలాంటి గులకరాళ్ళే ఉన్నాయి అని రాసుకున్నాడు. వాటిని దగ్గరగా చూసి తన ఊరి రాళ్ళతో పోల్చాడు చూడండి, అందుకే ఆయనంటే నాకు ఇష్టం.

అన్నీ ప్రాణులే చేస్తాయని కూడా కాదు. బహామాస్ లాంటి చోట్ల లోతు తక్కువగా, వెచ్చగా ఉన్న నీళ్ళలో అలలకు ఇసుక రేణువులు అటూ ఇటూ దొర్లుతుంటే వాటి చుట్టూ కాల్షియం కార్బొనేట్ పొరలు పొరలుగా చేరుతుంది. చేపగుడ్లంత గుండ్రటి పూసలు తయారవుతాయి. అవి అతుక్కుంటే ఊలైట్ సున్నపురాయి. లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి కట్టిన పోర్ట్‌లండ్ రాయి ఇదే. వేడి నీటి ఊటల దగ్గర పేరుకునే ట్రావర్టీన్ ఇంకో రకం. రోమ్‌లోని కొలోసియం బయటి గోడ దానితో కట్టిందే.

సముద్రం అంతటా సున్నపురాయి ఏర్పడదు. చాలా వస్తువులు వేడినీళ్ళలో బాగా కరుగుతాయి కదా, కాల్షియం కార్బొనేట్ అందుకు తిరకాసు. చల్లటి నీళ్ళలో, ఎక్కువ ఒత్తిడిలో బాగా కరుగుతుంది. అందుకని సముద్రంలో సుమారు 4 నుంచి 5 కిలోమీటర్ల లోతు దాటితే, పైనుంచి రాలే గుల్లలు రాలినంత వేగంగా కరిగిపోతాయి. అంతకంటే లోతైన అడుగున ఎర్రటి బంకమన్ను ఉంటుంది తప్ప తెల్లటి బురద ఉండదు. అలాగే నదులు విపరీతంగా మట్టి తెచ్చి పోసే చోట కూడా శుద్ధమైన సున్నపురాయి కుదరదు. వెచ్చటి, లోతు తక్కువైన, మట్టిలేని తేటనీటి సముద్రం కావాలి. కాబట్టి ఎక్కడ మంచి సున్నపురాయి కనబడినా, ఒకప్పుడు అక్కడ అలాంటి సముద్రం ఉండేదని ఊహించడం సాధారణంగా తప్పుకాదు. ఎవరెస్ట్ కొన మీది రాయి కూడా సున్నపురాయే. అందులో సముద్రపు లిల్లీలు అనే ప్రాణుల ముక్కలు, ఏనాడో అంతరించిన ట్రైలోబైట్లు అనే సముద్ర జీవుల ముక్కలు ఉన్నాయి. 40 కోట్ల ఏళ్ళకు పైబడిన సముద్రపు అడుగు అది. ఇప్పుడు 8,849 మీటర్ల ఎత్తున ఉంది.

రకాల సంగతి త్వరగా చెప్పేస్తాను. కాల్షియంలో కొంత భాగం స్థానంలో మెగ్నీషియం చేరితే డోలమైట్. దాని మీద చల్లటి పలుచని ఆమ్లం వేస్తే దాదాపు ఊరుకుంటుంది, గీకి పొడి చేసి వేస్తేనే నురగ వస్తుంది. సున్నపురాయి భూమి లోపల వేడికీ ఒత్తిడికీ లోనై, స్ఫటికాలన్నీ కొత్తగా అల్లుకుంటే పాలరాయి. ఆ క్రమంలో శిలాజాలు చెరిగిపోతాయి. పాలిష్ పట్టే సున్నపురాయిని కూడా వ్యాపారంలో పాలరాయి అనేస్తారు. అమరావతి స్తూపం శిల్పాలను పాలరాతివని చాలాకాలం రాశారు. నిజానికి అవి సున్నపురాతివి. ఇక పలకలుగా చీలే రకాన్ని మనం నాపరాయి అంటాం.

జర్మనీలో సోల్న్‌హోఫెన్ దగ్గర దొరికే పలకల గురించి మాత్రం ఒక్క నిమిషం ఆగాలి. నిశ్చలంగా ఉన్న ఉప్పుకయ్యల్లో, 15 కోట్ల ఏళ్ళ కిందట, అతి సన్నటి సున్నపు బురద పేరుకుని ఏర్పడ్డాయి. ఎంత సన్నటి బురదంటే, 1861లో అక్కడ ఒక ఈక అచ్చు దొరికింది, ఈనెలతో సహా. అదే ఏడాది ఈకలున్న ఆర్కియోప్టెరిక్స్ అస్థిపంజరం కూడా బయటపడింది. డార్విన్ పరిణామ సిద్ధాంతం పుస్తకంగా వచ్చి అప్పటికి సుమారు రెండేళ్ళే. సరీసృపానికీ పక్షికీ మధ్యలో నిలిచే జీవి అది. దానికి ముందే ఆ పలకలు ఇంకో పనికి వచ్చాయి. 1796లో అలాయిస్ సెనెఫెల్డర్ వాటి మీద జిడ్డు సిరాతో గీసి, రాయిని తడిపి, నూనె సిరా రోలర్ దొర్లించాడు. తడి రాయి సిరాను దగ్గరికి రానివ్వదు, జిడ్డు గీతలే పట్టుకుంటాయి. శిలాముద్రణ అలా పుట్టింది.

ఇప్పుడు గ్లాసు చూడండి. (సభలో కలకలం.) అవును, మళ్ళీ తేరుకుంది. ఇందాక తెల్లగా ఉన్నది ఎటుపోయింది? అదనంగా వచ్చిన కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో కలిసి ఆమ్లమైంది, పొడిని కరిగించి బైకార్బొనేట్‌గా మార్చింది. తేటను ముందే ఎందుకు పలుచన చేశానంటే, చిక్కగా ఉంటే ఈ గ్యాసుకి అంత పొడినీ కరిగించే శక్తి చాలదు. ఇదే గ్యాసు, మొదట రాయిని పుట్టించింది, మోతాదు ఎక్కువైతే అదే రాయిని కరిగించింది. గుహలు తయారయ్యేది ఈ రెండో పనివల్లే. మట్టి పొరల్లో వేళ్ళు, సూక్ష్మజీవులు ఊపిరి వదులుతూ ఉంటాయి కాబట్టి అక్కడి గాలిలో కార్బన్ డయాక్సైడ్ బయటికంటే చాలా రెట్లు ఎక్కువ. వాననీళ్ళు దాన్ని మోసుకుని సున్నపురాయి పగుళ్ళలోకి దిగి, పగుళ్ళను సందులుగా, సందులను గుహలుగా వెడల్పు చేస్తాయి. అమెరికాలోని మామత్ కేవ్‌లో ఇప్పటిదాకా కొలిచిన దారుల పొడవే 680 కిలోమీటర్లు దాటింది. వెతికే కొద్దీ ఇంకా పెరుగుతోంది.

ఇప్పుడు గ్లాసులోని నీళ్ళను ఈ పరీక్షనాళికలో పోసి వేడి చేస్తాను. మళ్ళీ తెల్లబడుతోంది చూడండి. వేడికి గ్యాసు పోయింది, రాయి తిరిగొచ్చింది. నీళ్ళు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి చెక్కు ఇదే. గుహలో అయితే వేడి అక్కర్లేదు. సోడా మూత తీస్తే గ్యాసు ఎలా పైకి తన్నుకొస్తుందో, పగులులో ఒత్తిడిలో ఉన్న నీటిబొట్టు గుహ గాలిలోకి రాగానే దానిలోని గ్యాసు అలా విడిపోతుంది. ఇక కరిగి ఉండలేక కాస్తంత కాల్సైట్, అంటే కాల్షియం కార్బొనేట్ స్ఫటికం, పైకప్పుకి అంటుకుంటుంది. బొట్టు కిందపడిన చోట ఇంకాస్త. పైనుంచి వేలాడే ఊడలు, నేలలోంచి లేచే స్తంభాలు అలా పెరుగుతాయి. పెరుగుదల ఏడాదికి మిల్లీమీటరులో చిన్న భాగమే. అందుకే గుహలకు వెళ్ళినప్పుడు దయచేసి ముట్టుకోకండి. చేతి జిడ్డు అంటితే ఆ చోట నీళ్ళు పారడమే మారిపోతుంది.

గుహ అందంగా ఉంటుంది కానీ సున్నపురాయి నేల మీద బతకడానికి ఒక టెన్షన్ ఉంది. పైన మట్టి గట్టిగానే కనబడుతుంది, కింద బోలు. భూగర్భ జలమట్టం పడిపోయినప్పుడు, నీళ్ళు ఇచ్చిన ఆసరా కూడా పోయి, నేల ఒక్కసారిగా కుంగుతుంది. 1981లో ఫ్లోరిడాలోని వింటర్ పార్క్‌లో ఏర్పడిన గొయ్యి సుమారు 100 మీటర్ల వెడల్పుకు పెరిగి, ఒక ఇంటినీ కొన్ని కార్లనూ మింగేసింది. ప్రపంచంలో దాదాపు పదోవంతు జనం తాగే నీళ్ళు ఇలాంటి నేలల్లోంచే వస్తాయి. ఇసుక పొరలో నీళ్ళు వడగట్టుకుంటూ నెమ్మదిగా సాగితే, సున్నపురాయి సందుల్లో ఏరులా పరుగెడతాయి. వడపోత ఉండదు. కిలోమీటర్ల దూరంలో ఒక గోతిలో పారేసిన చెత్త రసం రెండు మూడు రోజుల్లో ఊటలో తేలవచ్చు. నా లెక్కలో సున్నపురాయి ప్రాంతాల్లో అన్నిటికంటే పట్టించుకోవాల్సిన విషయం ఇదే. గుహల ఫోటోలకున్న గిరాకీ దీనికి లేదు.

ఇప్పుడు బట్టీ. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దాకా కాలిస్తే గ్యాసు పోయి పొడి సున్నం మిగులుతుంది. ముక్క ఆకారం మారదు, చేతిలోకి తీసుకుంటే మాత్రం తేలిగ్గా ఉంటుంది. దాని మీద నీళ్ళు పోస్తే సలసల కాగి, పగిలి, ఉబ్బి పొడవుతుంది. ఆ వేడికి ఒళ్ళు కాలుతుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. దీన్ని పిల్లల చేత చేయించకండి. అలా నీళ్ళు తాగినదే తడి సున్నం. ఇసుక కలిపి గానుగ పట్టి గోడకు పూస్తే, అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని తిరిగి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. రాయిని కాల్చి, గోడ మీద మళ్ళీ రాయిని చేసుకోవడమన్నమాట. జోర్డాన్‌లోని ఐన్ గజాల్‌లో సుమారు 9,000 ఏళ్ళ కిందట మనుషులు సున్నపు గచ్చుతో సుమారు మీటరు ఎత్తు దాకా మనిషి బొమ్మలు చేశారు. కుండలు కాల్చడం కూడా రాని రోజుల్లోనే అక్కడివాళ్ళకి సున్నం కాల్చడం వచ్చు.

ఇందులో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. గోడ సున్నం గట్టిపడేటప్పుడు ఆనాటి గాలిలోని కార్బన్‌నే పట్టుకుంటుంది. అందుకని ఆ గచ్చులోని రేడియో కార్బన్‌ని, అంటే కాలం గడిచేకొద్దీ తరిగిపోయే రకం కార్బన్‌ని, కొలిచి కట్టడం వయసు చెప్పడానికి ప్రయత్నిస్తారు. సరిగా కాలని రాతి ముక్కలు కలిసి ఉంటే లెక్క తప్పుతుంది కాబట్టి చాలా ఓపికగా వేరుచేయాలి. అయినా, రాజులు శాసనం వేయించని గోడ కూడా తన పుట్టిన తేదీని తనలోనే దాచుకుందంటే ముచ్చటేస్తుంది.

మామూలు సున్నంతో చిక్కేమిటంటే అది గట్టిపడటానికి గాలి కావాలి. నీళ్ళలో మునిగిన చోట గట్టిపడదు. రోమన్లు అగ్నిపర్వతపు బూడిద కలిపి ఈ చిక్కును దాటారు. వాళ్ళు రోమ్‌లో కట్టిన పాంథియన్ అనే గుడి గోపురం 43 మీటర్ల అడ్డకొలతతో ఇప్పటికీ నిలబడి ఉంది, లోపల ఇనుము లేదు. తర్వాత 1756లో జాన్ స్మీటన్ అనే ఇంజినీరుకి, సముద్రం మధ్య రాతి గుట్ట మీద ఎడిస్టోన్ లైట్‌హౌస్ కట్టే పని పడింది. గట్టి రాయిని కాలిస్తే గట్టి సున్నం వస్తుందని అప్పట్లో అందరి నమ్మకం. ఆయన రకరకాల సున్నపురాళ్ళను ఆమ్లంలో కరిగించి, అడుగున ఏం మిగిలిందో చూశాడు. నీళ్ళలో గట్టిపడే సున్నాన్నిచ్చిన రాళ్ళలో బంకమన్ను మిగిలింది. మలినం అనుకున్నదే అసలు సరుకు. ఆ దారిలోనే నడిచి 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంట్ తీసుకున్నాడు. గట్టిపడ్డాక పోర్ట్‌లండ్ రాయిలా ఉంటుందని ఆ పేరు పెట్టాడు.

ఇవాళ్టి సిమెంటు ఫ్యాక్టరీలో సున్నపురాయి, బంకమన్ను కలిపి తిరిగే బట్టీలో సుమారు 1,450 డిగ్రీల దాకా వేడి చేస్తారు. బయటికి వచ్చే గోలీల్లాంటి ముద్దలే క్లింకర్. దానికి కొద్దిగా జిప్సం కలిపి మెత్తగా విసిరితే సిమెంటు. ప్రపంచం ఏటా తయారుచేసేది సుమారు 400 కోట్ల టన్నులు. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం దీనివల్లే వస్తుందని అంచనా. ఇక్కడ ఒక మెలిక ఉంది. బట్టీని సౌర విద్యుత్తుతో నడిపినా ఇందులో సగానికి పైగా అలాగే ఉంటుంది. ఎందుకంటే అది బొగ్గులోంచి వచ్చింది కాదు, రాతిలోంచి వచ్చింది. టన్ను క్లింకర్‌కి రాయి ఒక్కటే సుమారు అర టన్ను గ్యాసు వదులుతుంది. కోట్ల ఏళ్ళు దాచిన దాన్ని గంటల్లో విడుదల చేస్తున్నాం.

మిగతా ఉపయోగాలు చాలా ఉన్నాయి, చదువుకుంటూ పోతే పట్టిక అయిపోతుంది. ముఖ్యమైనవి రెండు మూడు చెప్తాను. ఇనుప ఖనిజంలో ఇసుక, మట్టి కలిసి ఉంటాయి. ఇనుము తీసే పెద్ద కొలిమిలో, అంటే బ్లాస్ట్ ఫర్నేస్‌లో, సున్నపురాయి వేస్తే అది సున్నమై, ఆ ఇసుకతో కలిసి కరిగి స్లాగ్ అనే మడ్డిగా పైకి తేలుతుంది. సున్నపురాయి లేకపోతే ఉక్కు యుగమే లేదని ధైర్యంగా చెప్పొచ్చు. ఫాస్ఫరస్ ఎక్కువున్న ఖనిజం ఒకప్పుడు ఉక్కుకి పనికిరాదని వదిలేసేవారు. 1870ల చివర్లో సిడ్నీ గిల్‌క్రైస్ట్ థామస్, ఆయన బంధువు పెర్సీ గిల్‌క్రైస్ట్, కొలిమి లోపలి పూతను డోలమైట్‌తో చేసి, సున్నం వేసి ఆ ఫాస్ఫరస్‌ని లాగేశారు. లాగిన ఫాస్ఫరస్ స్లాగ్‌లో చేరి, ఆ స్లాగ్ పొలాలకు ఎరువైంది.

గాజు: ఇసుక, సోడా కలిపి కరిగిస్తే గాజులాంటిదే వస్తుంది కానీ నీళ్ళలో కరిగిపోతుంది. సున్నం చేర్చితేనే కిటికీ అద్దంగా నిలబడుతుంది. బొగ్గుతో నడిచే కరెంటు ఫ్యాక్టరీల పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌ని సున్నపురాయి ముద్దతో కడిగితే జిప్సం తయారవుతుంది, అది గోడ బోర్డులకు పోతుంది. పులుపెక్కిన నేలల్లో పొడి చల్లితే మొక్కలకు విషమయ్యే అల్యూమినియం కట్టుబడుతుంది. కాగితం, పెయింటు, టూత్‌పేస్టు, కాల్షియం బిళ్ళలు... వీటన్నిట్లోనూ ఉంది. ఇక ప్రపంచంలోని చమురు నిల్వల్లో సగానికి పైగా సున్నపురాయి, డోలమైట్ పొరల సందుల్లోనే ఉన్నాయని అంచనా.

ప్రశ్నలు తీసుకుందాం. అమ్మగారు, మీరు.

పాలరాతి నేల మీద బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే మచ్చ ఎందుకు పోదు అని అడుగుతున్నారు. మచ్చ అంటుకుని ఉంటే పోయేదండీ. అక్కడ ఏమీ అంటుకోలేదు, నేల పైపొరే కరిగిపోయింది. నునుపు పోయి గరుకైన చోట వెలుగు చెదిరి మసకగా కనబడుతుంది. తుడిచినందువల్ల లాభం లేదు, మళ్ళీ పాలిష్ పట్టించాల్సిందే. నిమ్మరసం ఒలికినా ఇంతే, కాస్త నెమ్మదిగా జరుగుతుంది. గ్రానైట్‌కి ఈ బాధ లేదు.

ఆ చివర, అన్నయ్యా. మైకు ఇవ్వండి. గ్యాసు అంతా ఒకేసారి రాళ్ళలోంచి బయటికొస్తే ఏమవుతుంది? మంచి ప్రశ్న. కార్బనేట్ రాళ్ళలో ఉన్న కార్బన్, ఇప్పుడు మన గాలిలో ఉన్నదానికి కొన్ని పదుల వేల రెట్లు. అది ఒకేసారి రాదులెండి. కానీ వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోడానికి శుక్రగ్రహం ఉంది. అక్కడి గాలిలో 96 శాతం కార్బన్ డయాక్సైడే, ఒత్తిడి మన దగ్గరకంటే 90 రెట్లు, నేల మీద వేడి సుమారు 460 డిగ్రీలు. భూమి మీద మొత్తం కార్బన్ కూడా ఇంచుమించు అంతే ఉందని లెక్కలు చెప్తాయి. ఇక్కడ సముద్రాలున్నాయి, అది రాయైంది.

చివరి ప్రశ్న. గ్యాసుని మళ్ళీ రాయిగా మార్చలేమా? మార్చగలం. కానీ సున్నపురాయిని కాల్చి తెచ్చిన సున్నంతో చేస్తే లాభం సున్నా, పోయినంతే తిరిగొస్తుంది. గ్యాసు అంటని కాల్షియం కావాలి. అది బసాల్ట్‌లో ఉంది. ఐస్‌లాండ్‌లో కార్బ్‌ఫిక్స్ అనే ప్రాజెక్టు వాళ్ళు 2012లో కార్బన్ డయాక్సైడ్‌ని నీళ్ళలో కలిపి బసాల్ట్ పొరల్లోకి దించారు. వందల ఏళ్ళు పడుతుందని చాలామంది అనుకున్నారు. రెండేళ్ళలోపే 95 శాతానికి పైగా కార్బనేట్ ఖనిజాలుగా మారిందని 2016లో ఫలితాలు వచ్చాయి. బయటికి తీసిన రాతి ముక్కల్లో నల్లటి బసాల్ట్ రంధ్రాల నిండా తెల్లటి కాల్సైట్ కనబడుతుంది. ఇబ్బందల్లా నీళ్ళతో. టన్ను గ్యాసుకి సుమారు 25 టన్నుల నీళ్ళు కావాలి. ఐస్‌లాండ్‌లో నీళ్ళకు కొదవ లేదు, మిగతా చోట్ల ఉంది. మంచినీళ్ళ బదులు సముద్రపు నీళ్ళతో ఆ పని చేయడానికి ఇప్పుడు ప్రయోగాలు చేస్తున్నారు.